స్టోర్ తమ్ముడి కడుపులో నా రాయి

పొద్దున్నే సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీల వైపు పోయే కంపెనీ బస్సుల్లో మెడలో కార్డులు వేసుకుని కునికిపాట్లు పడుతున్న పిల్లలను చూస్తే నాకు ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. రిటైరైనవాళ్ల జబ్బు అది, అడిగినా అడక్కపోయినా చెబుతాం. మా వయసువాళ్లు మామూలుగా కష్టపడండి, క్రమశిక్షణగా ఉండండి అంటారు. అవి మీకు ఎలాగూ తెలుసు. నేను మాత్రం అసూయ గురించి చెబుతాను. ఉద్యోగంలో జీతం తర్వాత నాకు అంత క్రమం తప్పకుండా అందింది అదొక్కటే.

నేను పనిచేసింది అల్ట్రాసౌండ్ స్కానింగ్ మిషన్లు తయారుచేసే కంపెనీలో. అంతకుముందు పటాన్‌చెరులో టీవీలు బిగించే ఫ్యాక్టరీలో ఉండేదాన్ని. బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో చూసి డబ్బాలోకి పంపడం అక్కడ నా పని. అది మూతపడ్డాక, బొమ్మ చూసే కన్ను ఉన్న మనిషి అని ఈ కంపెనీవాళ్లు నన్ను తీసుకున్నారు. హీరోయిన్ల ముఖాలు చూసినదాన్ని కాలేయాలూ మూత్రపిండాలూ చూడటం మొదలుపెట్టాను. పెద్ద తేడా లేదు. తెలుపు తెల్లగా ఉండాలి, నలుపు నల్లగా ఉండాలి, నడుమ ఉన్న బూడిద రంగులు ఒకదాన్నొకటి మింగేయకూడదు.

నా టెస్టింగు గదిని కుర్రాళ్లు పెళ్లిచూపుల గది అనేవారు. తయారైన ప్రతి మిషనూ తుడిచి ముస్తాబై అక్కడికి రావాలి, నేను చూసి సరే అనాలి, అప్పుడే లారీ ఎక్కాలి. "అక్క చూసిందా?" అన్నది మా కంపెనీలో రోజూ వినబడే మాట. మేనేజరు కూడా ఫోన్లో కస్టమర్లకు, "మా అక్క చూసి పంపింది సార్, ఇగ మీరు బేఫికర్ ఉండుండ్రి" అని చెప్పేవాడు. ఆ మాట గోడ అవతల నుంచి వినబడితే ఆ పూట నాకు అన్నం సహించినట్టే.

మిషన్ను పరీక్షించడానికి రబ్బరులాంటి దిమ్మె ఒకటి ఉంటుంది. మనిషి మాంసంలోంచి శబ్దం ఎలా వెళ్తుందో అందులోంచీ అలాగే వెళ్తుంది. కానీ మాకు దిమ్మె కంటే నమ్మకమైంది ఇంకొకటి ఉండేది. మా స్టోర్ కీపర్ పిత్తాశయంలో ఒక రాయి ఉండేది.

అది మేమే కనిపెట్టాం. ఖాళీగా ఉన్న రోజు ఎవరో ఒకరిని మంచం మీద పడుకోబెట్టి బొమ్మ చూడటం మాకు అలవాటు. కడుపుతో ఉన్న ఆడవాళ్లను మాత్రం ఆ గది గడప తొక్కనిచ్చేవాళ్లం కాదు, చట్టం ఒప్పుకోదు. అలా ఒకసారి స్టోర్ కీపర్ పడుకుంటే రాయి బయటపడింది. అతను భానూరు మనిషి, నాకంటే చాలా చిన్నవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. డాక్టరు దగ్గరికి పొమ్మని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

"నొప్పి లేదు, గిప్పి లేదు. కోత అంటే నాకు భయమక్కా. దాని మానాన అదున్నది, నా మానాన నేనున్న," అనేవాడు.

ఇక అప్పటి నుంచి ఏ కొత్త మోడల్ వచ్చినా మొదట అతన్ని పిలిచేవాళ్లం. ముందు రోజే కబురు పంపాలి. ఎందుకంటే టిఫిన్ తింటే పిత్తాశయం ముడుచుకుపోతుంది, రాయి కనబడదు. పాపం, ఏమీ తినకుండా వచ్చి, చొక్కా పైకి లాక్కుని పడుకుని, "జల్దీ సూడక్కా, క్యాంటీన్ల ఉప్మా అయిపోతది," అని తొందరపెట్టేవాడు. చూడటం అయ్యాక, "ఎట్లున్నది నా రాయి?" అని అడిగేవాడు. "మంచిగున్నది తమ్మీ," అనేదాన్ని. నిజానికి దాన్ని నేను అతని రాయి అనుకోలేదు, నా రాయే అనుకున్నాను. దాని ఆకారం, దాని చోటు, దాని కింద పడే నల్లటి నీడ నాకు నా ఇంటి వాకిలి కంటే బాగా తెలుసు.

ఆ నీడ సంగతి కాస్త చెప్పాలి. మిషన్ లోపలికి పంపిన శబ్దం రాయికి తగిలి అక్కడే ఆగిపోతుంది, కిందికి పోదు. అందుకని బొమ్మలో రాయి తెల్లటి చుక్కలా మెరుస్తుంది, దాని కింద పొడుగునా నల్లటి పట్టీ పడుతుంది. తెల్ల చుక్క, కింద నీడ ఉంటే రాయి. నీడ లేకుంటే అది మెత్తటి కండ ఏదో అయి ఉండొచ్చు. డాక్టర్లు చూసేది ఆ నీడనే.

ఇంతలో కొత్త ఇంజనీరు సారు వచ్చాడు.

ఆయన వాళ్లది కోస్తా వైపు నుంచి ఎప్పుడో పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఇటు వచ్చి క్వార్టర్లలో స్థిరపడిన కుటుంబం. పుట్టింది, పెరిగింది ఇక్కడే. అయినా ఇంటి యాస నోట్లో అలాగే ఉండిపోయింది, నోరు తెరిస్తే అండి, అండి. బెంగళూరులో ఏళ్ల తరబడి పనిచేసి బొమ్మలు బాగుచేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని వచ్చాడు. వయసులో నాకంటే కొంచెమే చిన్న. కోపం రాదు, గొంతు లేవదు. వచ్చిన వారంలోనే అందరికీ పూతరేకులు పంచాడు. మనిషి చెడ్డవాడైతే నాకెంత సుఖంగా ఉండేదో.

స్కాన్ బొమ్మలో ఎప్పుడూ సన్నటి గరుకు ఉంటుంది. మేము దాన్ని రవ్వ అనేవాళ్లం, బొమ్మంతా బొంబాయి రవ్వ చల్లినట్టు ఉంటుంది కాబట్టి. సారు ఏం చేశాడంటే, శబ్దాన్ని తిన్నగా ఒక్కసారి పంపే బదులు అటు నుంచి ఇటు నుంచి ఏటవాలుగా చాలాసార్లు పంపి, ఆ బొమ్మలన్నీ కలిపి ఒకటి చేశాడు. రవ్వ మాయమైంది. కాలేయం అంచు నున్నగా, గీసినట్టు వచ్చింది. చూసినవాళ్లంతా నోరెళ్లబెట్టారు. నేనూ వెళ్లబెట్టాను, వెంటనే మూసుకున్నాను. నేను ఇన్నేళ్లు గుండీలు తిప్పీ తిప్పీ సాధించలేని బొమ్మ, ఆయన నా గదిలో, నా కుర్చీలో కూర్చుని, "మేడమ్, మీరు కూడా ఒకసారి చూసి చెప్పండి," అంటున్నాడు.

"ఏముంది చెప్పడానికి? మంచిగనే ఉన్నది," అన్నాను. ఆ నాలుగు మాటలకు నా పళ్లు అరిగిపోయాయి.

తర్వాత కొద్ది రోజులకే "అక్క చూసిందా?" అనే మాట పోయి "సార్ సాఫ్ట్‌వేర్ పడిందా?" అనే మాట వచ్చింది. పెళ్లిచూపులకు మిషన్లు వస్తూనే ఉన్నాయి కానీ నా సరేకి ఎవరూ ఆగటం లేదు. మేనేజరు ఫోన్లో, "మా సార్ చేసిన బొమ్మ చూస్తే మీరు హైరాన్ అయితరు," అంటుంటే గోడ ఇవతల నా ఒళ్లు మండిపోయేది.

ఇంటికి వచ్చి అక్కసంతా కక్కేదాన్ని. మా ఆయన కొన్నాళ్లు విన్నాడు. ఒకరోజు పళ్లెంలో చెయ్యి అలాగే ఉంచి, "పొద్దటి సంది సారు, సారు, సారు. ఒక్కపారి నా పేరు తియ్యలే. గిట్లయితే నాకు కుళ్లు పుడ్తది," అన్నాడు. నవ్వు రావలసింది. నాకు ఏడుపొచ్చింది.

ఇక నేను ఫిర్యాదులు మొదలుపెట్టాను. బొమ్మ ఆలస్యంగా కదులుతోందన్నాను. ఫ్యాను శబ్దం పెరిగిందన్నాను. కాలేయం ప్లాస్టిక్ సామానులా ఉందన్నాను. తెర మీద అక్షరాల రంగు బాగాలేదన్నాను, అక్షరాలకూ ఆయనకూ సంబంధమే లేదు. సారు ప్రతిదీ ఓపిగ్గా చూసి, "అలాగే మేడమ్, సరిచేస్తానండి," అనేవాడు. ఆ మర్యాదకు నాకు ఇంకా మండేది. పిల్లలూ, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎవరి మీదైనా కుళ్లుకుంటే కుళ్లుకోండి, కానీ ఫిర్యాదులు పొదుపుగా వాడండి. అసలైనది దొరికిన రోజు మీ మాట చెల్లాలి కదా.

నాకు అసలైనది దొరికింది. ఆ రోజు స్టోర్ తమ్ముడు మంచం మీద పడుకుని ఉన్నాడు. సారు బొమ్మలో రాయి ముత్యంలా మెరిసిపోతోంది. దాని కింద చూశాను. నీడ లేదు. ఉండవలసిన చోట బూడిద రంగు పరుచుకుని ఉంది. మీట నొక్కి సారు పద్ధతి తీసేశాను. రవ్వతో పాటు నీడా వచ్చింది. మళ్లీ నొక్కాను, మళ్లీ పోయింది. సంగతి అర్థమైంది. తిన్నగా పంపిన శబ్దానికి రాయి అడ్డం నిలుస్తుంది కానీ, ఏటవాలుగా పంపింది పక్కల నుంచి రాయి వెనక్కి చేరుకుని నీడను నింపేస్తోంది. అంత పెద్ద తప్పు దొరికినందుకు నాకు భయం వేయాలి. సంతోషం వేసింది. దాచడం దేనికి, పండగలా అనిపించింది.

పరుగున వెళ్లి మేనేజరుతో చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అక్కా, గీ మధ్యల నీ కంప్లయింట్లన్నీ సార్ మీదనే ఉంటున్నయ్. మొన్న ఫ్యానంటివి, నిన్న రంగంటివి. ఇయ్యాల నీడనా?" అని నవ్వాడు.

"ఫ్యాను సంగతి ఇడిసిపెట్టుండ్రి సార్. ఇది ఉత్తగ చెప్తలేను. రాయిని రాయి అని తెల్వకపోతే ఎట్ల?"

మేనేజరు ఆ రోజు డ్యూటీకి రాని సారుకు ఫోన్ కలిపి నాకిచ్చాడు. సారు అంతా విని, "దిమ్మె మీద చూశానండి మేడమ్, నీడ బాగానే పడింది. అయినా వచ్చాక చూద్దాం," అన్నాడు. దిమ్మెలో ఉన్నది పెద్ద ఉండ. దాని వెనక్కి పక్కల నుంచి శబ్దం చేరదు. మా తమ్ముడి రాయి చిన్నది. ఆ మాట చెప్పేలోగా మేనేజరు ఫోన్ తీసేసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి వస్తుంటే అకౌంట్స్ అమ్మాయిలు నన్ను చూసి మాటలు ఆపేశారు. నాకు కుళ్లన్న సంగతి కంపెనీ మొత్తానికి తెలుసు, అది అబద్ధం కూడా కాదు. కానీ నీడ పోవడం కూడా అబద్ధం కాదు. ఆ బొమ్మతో మిషన్లు ఊళ్లలోకి వెళ్తే ఎవరిదో రాయిని కండ అని చెప్పి పంపించేస్తారు. ఆ ఎవరిదో అన్నచోట నాకు మా తమ్ముడి ముఖమే కనబడేది.

తర్వాత సంగారెడ్డి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమెకు చుట్టుపక్కల స్కానింగ్ సెంటర్లున్నాయి. అన్నిటికీ మా మిషన్లే తీసుకుందామని చూడటానికి వచ్చింది. సారూ ఉన్నాడు, మేనేజరూ ఉన్నాడు. స్టోర్ తమ్ముడు ఎప్పటిలాగే ఖాళీ కడుపుతో వచ్చి పడుకున్నాడు. అతనికి రాయి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పకపోవడమే పద్ధతి, మిషన్ తనంతట తాను చూపించాలి. నన్ను మూలకు నిలబెట్టారు.

డాక్టరమ్మ స్కాన్ చేస్తూ, "ఎంత నీట్‌గా ఉంది! మా దగ్గరున్న మిషన్లలో ఇంత బాగా ఎప్పుడూ చూడలేదు," అంది. మేనేజరు ముఖం వెలిగిపోయింది. ఆమె పిత్తాశయం దగ్గర ఆగింది. "ఇక్కడ చిన్న పాలిప్ లాగుంది. కండ పెరగడం అంతే. భయపడక్కర్లేదు, అప్పుడప్పుడూ చూపించుకో చాలు," అని మా తమ్ముడితో అంది.

అతను తల పైకెత్తాడు. "అంటే రాయి గాదా మేడమ్?"

"రాయైతే కింద నీడ పడాలయ్యా. ఏదీ, లేదుగా."

"అక్కా! రాయి పోయిందక్కా!" మంచం మీద సగం లేచాడు. "మా అత్త పోసిన కషాయం పన్జేసింది! నేను సెప్తే నువ్వు నమ్మకపోతివి!"

మేనేజరు నా వైపు చూశాడు. నోరెత్తకు అని ఆ కళ్లలో స్పష్టంగా ఉంది. ఆ క్షణం నేను మా తమ్ముడి కడుపు కోసం కదిలానా, సారును పడగొట్టడానికి కదిలానా అని మీరు అడిగితే, రెండింటికీ. నాలుగు అడుగులేసి మిషన్ దగ్గరికి వెళ్లి మీట నొక్కాను.

"మేడమ్, జెర ఇప్పుడు సూడుండ్రి."

అద్దంలాంటి బొమ్మ మీద రవ్వ పడింది. తెల్ల చుక్క కింద నల్లటి పట్టీ తెర అడుగు దాకా దిగింది. డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగింది.

"ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు.

"నీ రాయి యాడికి పోలే తమ్మీ. ఆడనే ఉన్నది."

మేనేజరు తడబడుతూ, "అది పాత సెట్టింగ్ మేడమ్, మా అక్కకు కొత్తది జెర..." అని మొదలుపెట్టాడు.

"కాదండి," అన్నాడు సారు. "ఆవిడ చెప్పిందే నిజం. నీడ పోతోంది. మొన్న ఫోన్లో చెప్పారు కూడా, నేనే పట్టించుకోలేదు. ఇది నా పొరపాటు డాక్టర్ గారూ. సరిచేసేదాకా ఈ మిషన్లు పంపకూడదు, వెళ్లినవాటిలోనూ ఈ పద్ధతి ఆపించాలి."

నేను ఆ రోజు కోసం ఎన్నాళ్లు ఎదురుచూశానో! ఆయన బుకాయిస్తాడని, చెమటలు పడతాయని, నేను ఒక్కో మాటా విడమరిచి చెప్తే తల దించుకుంటాడని ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఒక్క నిమిషంలో అంతా ఒప్పేసుకున్నాడు. పైగా డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, "ఇలా నలుగురిలో ఒప్పుకునే ఇంజనీర్ని నేను చూడలేదు. సరిచేసి కబురు చేయండి, తప్పకుండా తీసుకుంటాను," అంది. నీడ పట్టుకుంది నేను, మెప్పు ఆయనకు. ఏడ్చినట్టుంది నా గెలుపు అనుకున్నాను.

మర్నాడు సారు నా గదికి వచ్చి, "మేడమ్, మీరు పక్కన కూర్చుంటే గానీ ఇది అవదండి," అన్నాడు. కూర్చున్నాను. కూర్చోనని చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే ఆ పని నాకిష్టం. ఆయన లెక్కలు మార్చేవాడు, నేను బొమ్మ చూసి "ఇంకా నింపుతున్నది", "ఇప్పుడు మరీ నలుపైంది", "గంతే, గంతే, ఆగుండ్రి" అనేదాన్ని. రాయి లాంటి గట్టి వస్తువు ఉన్నచోట ఏటవాలు శబ్దాన్ని తక్కువగా కలపాలి, మెత్తటి చోట ఎక్కువగా కలపాలి. ఎక్కడ ఎంత అన్నది కన్ను చెప్పాలి, లెక్క చెయ్యాలి. తమ్ముడు రోజూ ఖాళీ కడుపుతో వచ్చి, "మీ ఇద్దరి పంచాయితీల నా ఉప్మా పోతున్నది," అని గోల పెట్టేవాడు.

చివరికి ఒక పొద్దున బొమ్మ వచ్చింది. రవ్వ లేదు. నీడ కాటుకలా ఉంది. నా జన్మలో అంత మంచి బొమ్మ చూడలేదు. కానీ నేను చూస్తున్నది బొమ్మను కాదు, నీడను. నీడ ఒకటి కాదు, రెండున్నాయి. పెద్ద చుక్క పక్కన చిన్న చుక్క, దానికి సన్నటి నీడ. ఇన్నేళ్లుగా ఆ రెండో రాయి రవ్వలో కలిసిపోయి ఉంది. నా ఇంటి వాకిలి కంటే బాగా తెలుసన్నానే, ఆ రాయి గురించి నాకు సగమే తెలుసు. సారు కూడా చూశాడు.

తమ్ముడు తెర వైపు మెడ తిప్పాడు. "ఏందది? రెండున్నయా?"

సారు అతని పక్కన స్టూలు మీద కూర్చుని మెల్లగా చెప్పాడు. "చిన్నది కదా బాబూ, అది జారి నాళంలో ఇరుక్కుంటే ప్రమాదం. నేను డాక్టర్ని కాను. నువ్వు ఆ డాక్టరమ్మకు ఒకసారి చూపించుకోవాలి."

తమ్ముడు చాలాసేపు తెరనే చూశాడు. "ఇంత సాఫ్‌గ ఎన్నడు గనవడలే సార్. సూస్తుంటేనే భయమైతున్నది. కోయించుకుంట," అన్నాడు.

ఏళ్ల తరబడి నేను చెవినిల్లు కట్టుకుని చెప్పాను. బతిమాలాను, తిట్టాను, అతని భార్యకు ఫోన్ చేశాను. "దాని మానాన అదున్నది" అన్నవాడు, సారు ఒక్కసారి చెప్పగానే కోయించుకుంటానన్నాడు. మంచి జరిగిందని తెలుసు. తెలిసినా ఆ పూట నేను క్యాంటీన్‌కు పోలేదు.

సంగారెడ్డిలోనే ఆపరేషన్ అయింది. కొన్ని వారాలకు తమ్ముడు తేలిగ్గా, నవ్వుతూ డ్యూటీకొచ్చాడు. ఆసుపత్రివాళ్లు రాళ్లను చిన్న సీసాలో వేసి ఇచ్చారట. ఆ సీసా తెచ్చి సారుకిచ్చాడని నాకు మధ్యాహ్నం తెలిసింది. నేను నేరుగా స్టోరుకు వెళ్లాను.

"ఏం తమ్మీ, రాళ్లు తెచ్చినవంట. నాకు సూపియ్యకపోతివి?"

అతను మేకుల డబ్బాలు సర్దుతూ తలెత్తాడు. ముఖంలో ఏ కల్మషమూ లేదు.

"నీకేం సూపియ్యాలె అక్కా? నువ్వు దినాం సూసినవే గదా. పాపం సార్ కొత్తగ సూసిండు, ఖుష్ అయితడని ఇచ్చిన."

ఒంట్లో ఎలా ఉందని అడిగి, కారం తగ్గించు అని చెప్పి వచ్చేశాను. సారు ఆ సీసా నా దగ్గరికి తెచ్చి, "ఇవి మీ దగ్గరుండాలి మేడమ్," అన్నాడు. "మీకిచ్చిండు, మీరే ఉంచుకోండి," అన్నాను. ఇంకోసారి కూడా అడిగాడు, అప్పుడూ వద్దన్నాను. మిషన్లు సంగారెడ్డి వెళ్లాయి, జహీరాబాద్ వెళ్లాయి. కొత్త మోడళ్లకు మాకు మళ్లీ రబ్బరు దిమ్మే దిక్కయింది. నేను రిటైరయ్యాను. సీసా ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉందట. తీసుకోవలసింది.